పైడిరత్నం ఇంటికి వచ్చిన బాతు

పైడిరత్నం పోయిన రోజు సాయంత్రం వాళ్లింటికి బాతు వచ్చింది. నాగులమెట్టలో ఇది వింత కాదు. ఆ ఊళ్లో ఎవరికి దెబ్బ తగిలినా, ఆసుపత్రివాళ్లు కేసు షీటు మీద కారణం కోడ్ వేసిన కాసేపటికి ఆ కారణం బయలుదేరి ఆ ఇంటికి చేరుకుంటుంది. కుక్క అని వేస్తే కుక్క వస్తుంది. నిచ్చెన అని వేస్తే నిచ్చెన వచ్చి గోడకు ఆనుకుంటుంది. కేసు మూసేవరకు దాన్ని ఇంటివాళ్లు ఉంచుకోవాలి. అమ్మకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు. ప్రాణమున్నదైతే మేత పెట్టాలి.

బాతు తెల్లది. శ్మశానం నుంచి తిరిగి వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కుంటుండగా అది వీధి మలుపు తిరిగి, ఇంటి నంబర్లు చూసుకుంటున్నట్టు ఒక్కో గడప దగ్గరా ఆగి, చివరికి పైడిరత్నం తమ్ముడు త్రినాథరావు మాస్టారి అరుగు ఎక్కింది. జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. "బాతా?" అని ఒకరు అడిగారు. "బాతే" అని ఇంకొకరు చెప్పారు. తర్వాత ఎవరూ దాని మాట ఎత్తలేదు.

త్రినాథరావు ఊరి ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ మాస్టారు. పైడిరత్నం ఆయనకన్నా పదేళ్లు పెద్ద. తల్లి పోయినప్పుడు తమ్ముడు చిన్నవాడు కావడంతో ఆమే పెంచింది. పెంచడం అయిపోయాక కూడా మానలేదు. ఆమె పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "ఒక మగోడికి వండి పెడితే సాలదేటి, ఇంకోడు కూడానా?" అనేది. మాస్టారూ చేసుకోలేదు. ఆయన్ని అడిగితే అక్క వైపు చూసేవాడు. పొద్దున వండింది మధ్యాహ్నం తింటే అది అన్నం కాదు, శిక్ష అని ఆమె నమ్మకం. అందుకని రోజూ మధ్యాహ్నం గంట కొట్టే వేళకు వేడి కారేజీ పట్టుకుని స్కూలుకు వచ్చేది. స్టాఫు రూము గుమ్మంలో నిలబడి, పై గిన్నె మూత తీసిన తమ్ముడి మొహం ఎలా మారిందో చూసుకుని, ఏమీ అనకుండా వెళ్లిపోయేది.

స్కూలు గేటుకు రెండు రెక్కలు. కుడి రెక్క బాగానే ఉంటుంది; దాన్ని అధికారులు వచ్చినప్పుడు తెరుస్తారు. ఎడమ రెక్క పిల్లలకూ మామూలు జనానికీ. దాని పై మడతబందు తుప్పుపట్టి ఊడిపోయి చాలాకాలమైంది. ఆ చోట జీఐ తీగ చుట్టారు. ఆ రెక్క తీయడానికి ఒక పద్ధతి ఉంది. ఎడమ చేత్తో అడ్డకమ్మిని కొంచెం పైకెత్తి, కుడి చేత్తో తొయ్యాలి. ఎత్తకుండా తోస్తే తీగ జారుతుంది. బందు వేయించడంకన్నా పద్ధతి నేర్పించడం తేలిక కాబట్టి, ఏటా ఆరో తరగతిలో చేరిన పిల్లలకు మొదటి రోజు మొదటి పీరియడు గేటు పాఠం ఉంటుంది. డ్రిల్లు మాస్టారు ఒక్కొక్కరి చేతా తీయించి, వేయించి, సరిగ్గా వచ్చినవాళ్లను లోపలికి పంపుతాడు. రానివాళ్లకు మర్నాడు మళ్లీ చెబుతాడు. ఆ స్కూల్లో చదువుకుని ఎక్కడెక్కడో ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు ఇప్పటికీ ఏ గేటునైనా కొంచెం ఎత్తి తోస్తారు.

పైడిరత్నానికి ఆ పద్ధతి వచ్చు. కానీ ఆ రోజు వాన పడుతోంది. ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో కారేజీ. రెండు చేతులూ కావలసిన గేటును ఆమె భుజంతో తోసింది. అక్క కోసం స్టాఫు రూము కిటికీలోంచి చూస్తున్న త్రినాథరావు గేటు పడడం చూశాడు. కారేజీ దూరంగా దొర్లింది గాని, మూతలు గట్టిగా బిగించడం ఆమెకు అలవాటు కాబట్టి చారు ఒలకలేదు.

ఆసుపత్రిలో గాయాలకు కోడ్లు వెంటనే దొరికాయి. ఆ పుస్తకంలో మనిషి ఒళ్లంతా ఉంది. కుడి ఎడమలు వేరు, ఎముక విరిగి చర్మం చీలితే ఒకటి, చీలకపోతే ఒకటి, చిటికెన వేలి చివరి కణుపుకు కూడా దాని చోటు దానికుంది. ప్రతి కోడ్ చివరా ఒక అక్షరం ఉంటుంది. అది మనిషి ఆసుపత్రికి మొదటిసారి వచ్చాడా, మళ్లీ వచ్చాడా, లేక దెబ్బ మానాక మిగిలిపోయిన బాధతో వచ్చాడా అన్నది చెబుతుంది. పైడిరత్నానికి మొదటి రాక అని వేశారు. అంతవరకూ డాక్టరు పని. ఎందువల్ల అన్నది కోడింగ్ గది పని.

కోడింగ్ గది మందుల స్టోరు పక్కన ఉంది. అక్కడ షకీలా అనే కోడర్ కూర్చుంటుంది. నెమ్మదస్తురాలు. ఎదుటి మనిషి ఏడుస్తున్నా, అరుస్తున్నా, ముందు కుర్చీ చూపిస్తుంది. త్రినాథరావు ఆ రెండూ చేయలేదు. ఆయనకూ కుర్చీ చూపించింది.

"ఎక్కడ జరిగిందండి?"

"స్కూలు గేటు దగ్గర."

"విద్యాసంస్థ, ప్రవేశద్వారం." ఆమె కంప్యూటర్లో కొట్టింది. "ఏం చేస్తుండగా?"

"నాకు కారేజీ తెస్తోంది."

కారేజీ తేవడానికి కోడ్ లేదు. ఇతరుల బాగోగులు చూసుకోవడం అనే దాని కింద వేస్తానని ఆమె చెప్పింది. "జీతానికాండి, జీతం లేకుండానా?"

"జీతం లేకుండా."

ఎన్నేళ్లుగా అని ఆమె అడగలేదు. దానికి గడి లేదు.

"ఇప్పుడు కారణం. డాక్టరుగారు 'బరువైనది తగిలి' అని రాశారండి."

"గేటు" అన్నాడు త్రినాథరావు. "గేటు మీద పడింది. నేను చూశాను."

"మీరు చూసింది వేయకూడదండి, డాక్టరు రాసింది వేయాలి. అయినా గేటు అని వేయొచ్చేమో చూస్తాను." ఆమె పేజీలు కిందికీ పైకీ జరిపింది. "ఇద్దరు మనుషులు మోసేదేనాండి?"

ఈ ప్రశ్న వెనుక ఒక వంతెన ఉంది. కొన్నేళ్ల కిందట, ఊరి బయట గెడ్డ మీద ఉన్న వంతెనకు పిట్టగోడ లేక ఒకాయన స్కూటరుతో సహా కింద పడ్డాడు. అప్పటి కోడర్ కొత్తవాడు, ఉన్నదున్నట్టు వేసే మనిషి. వంతెన అని వేశాడు. సాయంత్రానికి వంతెన వచ్చి ఆయన ఇంటి ముందు వీధికి అడ్డంగా కూర్చుంది. గెడ్డ అవతలి ఊళ్లకు దారి లేకుండా పోయింది. ప్రభుత్వ వంతెనను సొంత ఇంటి ముందు ఉంచుకున్నందుకు ఆయన భార్యకు నోటీసు వచ్చింది. అంతకు ముందు గుంతలతో కూడా ఇలాంటి ఇబ్బందే వచ్చింది. జనం రోడ్ల మీద పడడం, గుంత అని కోడ్ వేయడం, గుంత లేచి పడినవాళ్ల ఇంటికి వెళ్లిపోవడం, రోడ్డు నున్నగా అయిపోవడం. ఇక తాము పూడ్చడానికి ఏం మిగులుతుందని కాంట్రాక్టర్లు పైవాళ్లకు మొరపెట్టుకున్నారు. అందువల్ల పుస్తకాన్ని సవరించారు. దానంతట అది నడిచి రాగలిగేదో, ఇద్దరు మనుషులు మోసుకురాగలిగేదో అయితేనే ఇప్పుడు కారణం అవుతుంది. అంతకు మించిన బరువున్నవి ఎవరికీ దెబ్బ తగిలించవు.

త్రినాథరావు ఆలోచించాడు. ఆయన మాట తూచి మాట్లాడే మనిషి. పిల్లల చేత పరీక్షల్లో "సుమారుగా" అని రాయనివ్వడు.

"నలుగురం ఎత్తాం" అన్నాడు.

"అయితే అవదండి."

"అవాలమ్మా" అన్నాడు ఆయన. "కోడ్ గేటని పడితే సాయంత్రానికి గేటు మా ఇంటికి వచ్చేస్తుంది. మా ఇంటి ముందు చోటుంది, నేనుంచుకుంటాను. రేపు పిల్లలు గేటు లేని దారిలోంచి వెళతారు. నాకు అదొక్కటే కావాలి."

షకీలా మౌస్ మీంచి చెయ్యి తీసింది. "మా పాప కూడా మీ స్కూలేనండి. ఏడో తరగతి, బి సెక్షను." తెర వైపు చూసింది. "కానీ మిషన్ తీసుకోదండి. నలుగురని మీరే అన్నారు కదా."

"మరి ఏం వేస్తారు?"

"ఖాళీగా ఉన్నవాటిలోంచి వేయాలండి. మేకకి ఈ ఏటి కోటా అయిపోయింది. కుక్క ఎప్పుడో అయిపోయింది. ఆవుంది గాని, మీకు కట్టుకునే చోటుండాలి. చిలుక ఉంది. తాబేలుంది. బాతుంది. బాతు ఈ ఏడు ఒక్కటీ పడలేదండి. మార్చిలోగా పడకపోతే పుస్తకంలోంచి తీసేస్తారు."

"బాతు తగిలి తల పగులుతుందా?"

"అలా అడగరండి. గాయం ఒక పేజీ, కారణం ఇంకో పేజీ. రెండూ ఒకదానికొకటి సరిపడాలని ఎక్కడా రాయలేదు."

"డాక్టరు బరువైనదని రాశాడన్నారు."

"బాతుల్లో బరువైనవి ఉంటాయండి" అంది షకీలా. ఎగతాళికి అనలేదు.

కారణం కోడ్ పడకుండా మనిషి పోయినట్టు కాదు. పోనివాళ్లను తీసుకువెళ్లనివ్వరు. వాళ్ల పేరు మంచం మీద ఉన్నవాళ్ల జాబితాలోనే ఉంటుంది. పూటపూటకూ నర్సు వచ్చి ఒళ్లు చల్లగా ఉందని రాసుకుని వెళుతుంది. బయట చుట్టాలు వరండాలో నిలబడి ఉన్నారు. వ్యాను డ్రైవరు రెండుసార్లు తొంగిచూశాడు. పొద్దు వాలకముందే కట్టెల దగ్గరికి చేరాలని పెద్దవాళ్లెవరో పక్కవాళ్లతో అంటున్నారు. త్రినాథరావు సంతకం పెట్టాడు.

మర్నాడు పొద్దున గేటును నలుగురు ఎత్తి యథాస్థానంలో నిలబెట్టి, కొత్త తీగ చుట్టారు.

బాతుతో కాపురం కష్టమేమీ కాలేదు. దానికి నూకలు, తవుడు, ఒక బేసిన్లో నీళ్లు చాలు. పెరట్లో పైడిరత్నం అంట్లు తోముకునే బండ పక్కన చోటు చూసుకుంది. పరాయి ఇంట్లో దిగిన చుట్టంలా అణకువగా ఉండేది. ఎదురింటి ఎర్రయ్యమ్మకు మాత్రం అది నచ్చలేదు. పైడిరత్నంతో ఆవిడకు రోజూ తగువే. ఇప్పుడు తగువాడడానికి మనిషి లేక గోడ దగ్గరికి వచ్చి నిలబడేది.

"ఏటి మాస్టారూ, అక్కని సంపీసిన పిట్టకి నూకలెడతన్నారా?"

"మేత పెట్టాలని రూలుందమ్మా."

"రూలుంటే దూరంగా ఇసిరీండి. సేత్తో ఎట్టాలనుందేటి రూల్లో? మీ అక్క సూస్తే బాతునీ మిమ్మల్నీ కలిపి తరిమీసును." గొంతు తగ్గించేది. "మా కోడలికి బాతిగురు బాగా ఒచ్చు. ఒక్క మాట సెప్పండి, సాలు."

"కేసు మూసేదాకా దానికేమీ కాకూడదమ్మా."

"మనిసికేటైనా అవొచ్చు గాని బాతుకేటీ అవకూడదు. బాగుంది."

అలా అని వెళ్లిపోయిన ఎర్రయ్యమ్మ సాయంత్రం గిన్నెలో గంజి పంపేది. అది మాస్టారికో బాతుకో చెప్పేది కాదు.

చిక్కు వచ్చింది స్కూలు దగ్గర. కారణాలు మనుషులను వదలవు, వెంట నడుస్తాయి. పొద్దున త్రినాథరావు బయలుదేరితే బాతు కూడా బయలుదేరేది. గేటు దాకా వచ్చి అక్కడ ఆగిపోయి, ఆయన ఎడమ చేత్తో ఎత్తి కుడి చేత్తో తోసి లోపలికి వెళ్లడం చూసి, తూము పక్కన కూర్చునేది. మధ్యాహ్నం గంటకు ఒకసారి లేచి గేటు లోపలికి చూసి మళ్లీ కూర్చునేది. పిల్లల తల్లిదండ్రులు కంగారుపడ్డారు. ఒక మనిషి ప్రాణం తీసిన బాతు జరిగినచోటే మళ్లీ కాపు వేసి కూర్చుంటే స్కూలువాళ్లు ఏం చేస్తున్నారని అడిగారు.

విద్యాశాఖవాళ్లు వెంటనే స్పందించారు. ఆ స్కూలు ప్రవేశద్వారం వద్ద బాతు వల్ల ప్రాణహాని అని లెక్కల్లో ఉంది కాబట్టి జాగ్రత్తల కోసం ఇద్దరు అధికారులు వచ్చారు. కుడి రెక్క తెరిచారు. వాళ్లు చుట్టూ తిరిగి చూసి, తూముకు జాలీ వేయించారు. బాతు ఎదురైతే పరిగెత్తకూడదని, కళ్లలోకి చూడకూడదని పిల్లలకు చెప్పి వెళ్లారు. వారం తర్వాత "బాతులున్నాయి జాగ్రత్త" అని రాసిన ఇనుప బోర్డు వచ్చింది. దాన్ని పిల్లలు వచ్చే వైపే పెట్టాలి కాబట్టి ఎడమ రెక్కకు తగిలించారు. బోర్డు బరువుకు రెక్క ఇంకాస్త ఒరిగింది. తీగ ఇంకో రెండు చుట్లు చుట్టారు.

త్రినాథరావు హెడ్మాస్టరు సన్యాసిరావు దగ్గరికి వెళ్లాడు. సన్యాసిరావు చెడ్డవాడు కాదు. పైడిరత్నం పోయిన రోజు గేటెత్తిన నలుగురిలో ఆయన ఒకడు. అరచేతిలో కట్టు చాలా రోజులు ఉంది. ఆ కట్టుకు కూడా కోడ్ పడింది. ఆయన ఇంట్లో కత్తిపీట ఎక్కువైంది.

"వెల్డింగువాణ్ణి నేను పిలుచుకొస్తాను" అన్నాడు త్రినాథరావు. "ఒక్క పూట పని. బందు వేసి పోతాడు. స్కూలుకి ఏం సంబంధం లేదనుకోండి."

"పనిది కాదు మాస్టారూ." సన్యాసిరావు గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు. "బందు వేశామంటే ఇన్నాళ్లూ బందు లేదని మనమే ఒప్పుకున్నట్టు. బందు లేని గేటు ఉండగా బాతు ఎందుకొచ్చిందని అడుగుతారు. అడిగితే బాతు చెల్లదు. బాతు చెల్లకపోతే మీ అక్కగారి కోడ్ తీసేస్తారు. కోడ్ తీసేస్తే ఏమవుతుందో మీకు తెలుసు కదా."

త్రినాథరావుకు తెలుసు. కోడ్ తీసేస్తే ఆమె పేరు మళ్లీ మంచం మీద ఉన్నవాళ్ల జాబితాలోకి వస్తుంది. మంచం మీద మనిషి లేదు కాబట్టి చెప్పకుండా వెళ్లిపోయినట్టు రాస్తారు. చెప్పకుండా వెళ్లిపోయినవాళ్లను తీసుకురమ్మని ఇంటికి మనిషిని పంపుతారు.

"ఏటా గేటు పాఠం చెబుతూనే ఉన్నాం" అన్నాడు సన్యాసిరావు. "మీ అక్కగారికి ఆ రోజు చేతులు ఖాళీ లేవు. అంతే మాస్టారూ. ఇందులో మన తప్పేం లేదు."

"చేతులు ఖాళీ లేని పిల్లలుంటారు కదండీ."

"ఉంటారు. వాళ్లకి ముందు సంచి కింద పెట్టుకోమని చెబుదాం. పాఠంలో ఆ ముక్క కలుపుదాం." ఆ మాటకు ఆయనకే ఊరట కలిగింది. "మంచి మాట చెప్పారు మాస్టారూ."

ఆ రాత్రి త్రినాథరావు జీవితంలో మొదటిసారి ఒక అబద్ధాన్ని ముందుగా అనుకుని పెట్టుకున్నాడు. బాతుకు నూకలు వేస్తూ రెండుసార్లు పైకి అని చూశాడు. "ఇద్దరమే ఎత్తాం." మర్నాడు సెలవు పెట్టి కోడింగ్ గదికి వెళ్లాడు. బాతు వెంట వచ్చింది. షకీలా ఆయనకు కుర్చీ చూపించి, బాతు ఎండలో ఉందని చూసి తలుపు కొంచెం తెరిచింది.

"ఇద్దరమే ఎత్తాం అమ్మా" అన్నాడు. "ఆ రోజు తప్పు చెప్పాను."

షకీలా ఆయన మొహం చూసింది. ఆయనకు అబద్ధం చెప్పడం రాదని ఆమెకు తెలిసిపోయింది. "నలుగురని పడిపోయిందండి. మార్చడం కుదరదు. మీ అక్కగారు మళ్లీ వస్తే కొత్త కాగితం మీద కొత్తగా అడగొచ్చు. మొదటి రాక మారదు గాని, రెండో రాకకి మనం ఏదైనా రాసుకోవచ్చు."

"తను రాదు కదమ్మా."

"రారండి." ఆమె పేజీలు ఇంకాస్త కిందికి జరిపింది. "మూడోది ఒకటుంది. దెబ్బ మానాక మిగిలిపోయిన బాధ. అది దెబ్బ తగిలినవాళ్ల పేరునే పడాలని లేదండి. అదే దెబ్బ వల్ల మీకేమైనా ఉంటే, మీ పేరున వేయొచ్చు. ఏమైనా ఉందా మాస్టారూ?"

మధ్యాహ్నం అన్నం సహించడం లేదని ఆయన చెప్పాడు. పొద్దున తినగలడు. రాత్రి తినగలడు. మధ్యాహ్నం గంట కొట్టగానే గొంతు మూసుకుపోతుంది.

డాక్టరు గొంతులోకి టార్చి వేసి చూసి, గొంతు తెరిచే ఉందని చెప్పి, అయినా రాసి ఇచ్చాడు. షకీలా ఆ కాగితం ఎదురుగా పెట్టుకుంది. "ఇప్పుడు కారణం ఏమంటారండి?"

"గేటు. ఇద్దరు మోసేది."

ఆమె కొట్టింది. కొట్టింది కొట్టినట్టే చెరిగిపోయింది. మళ్లీ కొట్టింది. మిగిలిపోయిన బాధకు మొదటి దెబ్బ కారణమే కారణమని మిషన్ దానంతట అది నింపుకుంది. ఆమె తెర ఆయన వైపు తిప్పి చూపించింది, తను వేసింది కాదని తెలియడానికి.

సాయంత్రం రెండో బాతు వచ్చింది. ఇది కొంచెం చిన్నది, రెక్క మీద బూడిద రంగు మచ్చ ఉంది. మధ్యాహ్నం పూట అరిచేది. మొదటి బాతు దానికి బేసిన్ చూపించింది.

"ఇదెవుర్ని సంపిందండి?" అంది ఎర్రయ్యమ్మ గోడ మీంచి.

"ఎవర్నీ చంపలేదమ్మా. ఇది నాది."

ఎర్రయ్యమ్మ గోడ మీంచి వంగి దాన్ని చూసింది. "రెండైతే తోడుంటాయిలెండి" అని లోపలికి వెళ్లింది.

త్రినాథరావు అక్కడితో ఆగలేదు. విద్యాశాఖకు ఉన్న సంగతి ఉన్నట్టు రాశాడు. నాగులమెట్ట హైస్కూల్లో గేటు వల్ల ఎవరికీ దెబ్బ తగిలినట్టు లెక్కల్లో లేదని, గేటుకు బందు కావాలంటే గేటు వల్ల నష్టం జరిగి ఉండాలని, అలాంటిది జరిగినప్పుడు తప్పక పరిశీలిస్తామని జవాబు వచ్చింది. మర్యాదగా రాశారు. బాతుల విషయంలో తీసుకున్న చర్యలతో మాస్టారు తృప్తి చెందారని భావిస్తున్నట్టు కింద ఒక వాక్యం ఉంది.

తొలకరి తర్వాత స్కూళ్లు తెరిచారు. ఒక శనివారం త్రినాథరావు కూరల బజార్లో షకీలాను చూశాడు. ఆమె పక్కన కూతురుంది. పాప కుడి చేతి రెండు వేళ్లకు కట్టు ఉంది. వెనకాల ఒక బాతు నిలబడి రాలిన తోటకూర ఆకులు తింటోంది.

ఆయన బాతును చూశాడు. ఆమె ఆయన చూడడం చూసింది.

"సంచి కింద పెట్టమని చెప్పారటండి" అంది షకీలా. "పెట్టిందట. వెనకాల పిల్లలు తోసేస్తుంటే గాభరాలో సరిగ్గా ఎత్తలేదు. వేళ్లతో పోయింది." పాప తల మీద చెయ్యి వేసింది. "సొంత మనుషుల కేసు మేం వేసుకోకూడదండి. కానీ ఇంకో కోడర్ సెలవులో ఉన్నారు. నేనే వేశాను."

"ఏం వేశారమ్మా?"

"బాతు." ఆమె బెండకాయలు విరిచి చూస్తూ ఉండిపోయింది. "ఆ చోటు పేరు కొట్టగానే మిషన్ బాతని తనే చూపిస్తోందండి. నేను సరేనని నొక్కాను."

"ఇద్దరు మోసేదని పెట్టి చూడలేదా?"

"లేదు మాస్టారూ." ఆమె తలెత్తింది. "అప్పుడు పాపకి నొప్పిగా ఉంది. కోడ్ పడితే గాని ఇంజెక్షను ఇవ్వరు."

త్రినాథరావుకు వరండాలో నిలబడిన చుట్టాలు, తొంగిచూసిన వ్యాను డ్రైవరు గుర్తుకొచ్చారు. ఆయన వెంట వచ్చిన రెండు బాతులూ, పాప బాతూ కాసేపు ఒకచోట నిలబడి, ఎవరి మనుషుల వెనక అవి వెళ్లిపోయాయి.

ఇప్పుడు నాగులమెట్టలో బాతులు చాలా ఉన్నాయి. బాతు కోడ్‌కు ఇక ఢోకా లేదు. వచ్చే సవరణలో దాన్ని బరువైనది, తేలికైనది అని రెండుగా విడదీస్తారని అంటున్నారు. గేటు పాఠం రెండు పీరియడ్లయింది. మొదటి పీరియడు ఎత్తి తొయ్యడం, రెండో పీరియడు బాతుల పక్కనుంచి నడవడం. డ్రిల్లు మాస్టారు సెలవు పెట్టిన రోజున రెండూ త్రినాథరావే చెబుతాడు. ఆయన చెబితే పిల్లలకు బాగా వస్తుందని పేరు.

అలాంటి ఒక రోజున ఒకామె కూతుర్ని ఆరో తరగతిలో చేర్చడానికి తీసుకొచ్చింది. పొరుగూరి మనిషి. ఒక చేత్తో పిల్లను పట్టుకుంది, ఇంకో చేతిలో కాగితాల సంచి ఉంది. గేటు దగ్గర బోర్డు చదివి ఆగిపోయింది. లోపల నుంచి త్రినాథరావు చూసి వేగంగా వచ్చాడు.

"ఆగండమ్మా, తొయ్యకండి. సంచి కింద పెట్టండి."

ఆమె పెట్టింది. తూము పక్కనున్న రెండు బాతుల వైపు చూసింది. "కరుస్తాయేటి బాబూ ఇవి?"

"కరవవమ్మా."

"ఈ గేటు కాడే ఎవులో పోనారట గదా. మా ఊర్లో సెప్పుకున్నారు. బాతు సంపీసిందట. నిజిమేనా?"

ఆ పిల్ల ఆయన మొహంలోకి చూస్తోంది. ఒక చెయ్యి అప్పటికే గేటు కమ్మీ మీద ఉంది. త్రినాథరావు తన చెయ్యి దాని పక్కన వేసి, కమ్మీని కొంచెం పైకెత్తి పట్టుకున్నాడు.

"నిజమేనమ్మా" అన్నాడు. "మా అక్క."

"అయ్యో. బాతు."

"బాతే." ఆయన పిల్ల వైపు తిరిగాడు. "చూడమ్మా. ముందు ఎడమ చేత్తో ఇలా ఎత్తాలి. ఎత్తాకే తొయ్యాలి. ఏదీ, నువ్వు తియ్యి."

పిల్ల ఎత్తి తోసింది. మొదటిసారికే వచ్చింది. తల్లీ కూతురూ లోపలికి వెళ్లారు. మధ్యాహ్నం గంట కొట్టారు. చిన్న బాతు అరిచింది. త్రినాథరావు గేటు దగ్గరికి వేసి, తీగ బిగుతుగా ఉందో లేదో ఒకసారి లాగి చూశాడు.

పై బందు ఇంకా వేయలేదు.